హుజూర్‌నగర్ దారిలో ఆగిన బియ్యం లారీ

మిర్యాలగూడలో జరిగే మన సంఘ కూటాల్లో ఈసారి నన్ను ప్రసంగించమన్నారు. సూర్యాపేట నుంచి నేరుగా వెళ్లే దారిలో ఎవరో రోడ్డు కింది మోరీ పగలగొట్టారని బస్సులు ఆపేశారు. అందుకని కోదాడ మీదుగా చుట్టు తిరిగి వెళ్లాను. ఈ దారిన వచ్చే సహోదరులకు పనికొస్తుందని రాస్తున్నాను.

తెల్లవారుజామున ప్రార్థన చేసుకుని బయలుదేరాను. నిజాం రజాకార్ల మీద పోలీసు యాక్షన్ జరిగి ఏడాది కావస్తున్నా మనుషుల్లో బెరుకు పోలేదు. బస్సెక్కే చోటే నా సంచి విప్పించారు. ఒక పోలీసు బైబిలు పేజీలన్నీ తిప్పి చూసి, "నడుమల కమ్యూనిస్టోళ్ల చీటీలు గిట్ల పెట్టుకపోతున్నవా?" అన్నాడు. బస్సులో నా పక్కన కూర్చున్నాయన కోదాడ వచ్చేదాకా తన ఊరి పేరు చెప్పలేదు. నేనూ నా ఊరు చెప్పలేదు.

కోదాడలో దిగేసరికి పది కావచ్చింది. హోటల్లో ఉప్మా, కాఫీ బాగున్నాయి. మిర్యాలగూడ బస్సు సాయంత్రం గాని లేదన్నారు. ఒక రైసుమిల్లు నుంచి బియ్యం లారీ వెళుతోందని తెలిసి అక్కడికి వెళ్లాను. కిరాయి ముందే ఇవ్వాలి, బస్తాల మీద కూర్చోవాలి, ఎండకు గుడ్డ తప్పదు. నాతో పాటు పెన్‌పహాడ్ నుంచి కూతురి ఊరికి పోతున్న ముసలమ్మ ఎక్కింది. గొర్రెలు కాసే ఇంటి మనిషి. మిల్లు గుమాస్తా సీతారామయ్యగారు డ్రైవరు పక్కన కూర్చున్నారు. డ్రైవరు ఖాసిం సూర్యాపేటవాడే.

అది డీజిలు లారీ. మా వైపు మిగతా లారీలన్నీ పెట్రోలువే. మా మిషను దవాఖానలో దీపాలు వెలిగించే డీజిలు ఇంజను చూసుకునే పని నాదే కాబట్టి, చప్పుడు వినగానే పోల్చాను. ఊరు దాటి కొంతదూరం పోయాక ఆ చప్పుడు మారింది. సుత్తితో కొట్టినట్టు లోపల టకటకమంది. వెనక తెల్లటి పొగ లేచింది. మనిషి ఎత్తు జొన్నచేల మధ్య, ఇల్లూ వాకిలీ లేని చోట లారీ ఆగిపోయింది.

"ఏంది బిడ్డా, గింతల్నే అలిసిందా నీ బండి? మా మేకపిల్ల నయం" అంది ముసలమ్మ.

"జర ఆగు అవ్వా, సూస్తున్న" అన్నాడు ఖాసిం.

సీతారామయ్యగారు దిగలేదు. "ఆగిందా, ఆపావా?" అన్నారు. "ఇంత దారి ఉండగా ఇక్కడే ఎందుకు ఆగిందంటాను? పోయిన నెల బియ్యం బండి దోచింది ఈ చేల పక్కనే కదా."

"నా పొట్ట నేనే కొట్టుకుంటనా సాబ్?"

నిజం చెప్పాలంటే నాకూ అనుమానమే. మిల్లు వెనక ఖాసిం ఎవరితోనో గుసగుసలాడటం చూశాను. డీజిలు అమ్ముకుని కిరసనాయిలు పోసి ఉంటాడనుకున్నాను. అయితే ఇద్దరు సాక్షులు లేకుండా ఎవరి మీదా నేరం మోపకూడదని మన సంఘంలో నియమం. అందుకని నోరు మెదపలేదు.

ఇంతలో పక్క ఊళ్లో కాపలా ఉన్న పోలీసులు లారీని చూసి నడిచొచ్చారు. జమేదారు డ్రైవరు పేరడిగాడు. ఖాసిం చెప్పాడు. జమేదారు గుమాస్తా ముఖం చూశాడు. "పద, క్యాంపుకి" అని చెయ్యి పట్టుకున్నాడు. ఈ రోజుల్లో పోలీసు క్యాంపుకు వెళ్లిన మనిషి ఎలా తిరిగొస్తాడో, అసలు వస్తాడో రాడో చెప్పలేం. 

"కాసేపు ఆగండి. ముందు ఇంజను సంగతి చూద్దాం" అన్నాను.

ట్యాంకు నుంచి ఇంజనుకు పోయే నూనెను వడపోసే డబ్బా అడుగు మర విప్పి గ్లాసులోకి పట్టాను. నీళ్లు లేవు. లారీలో డబ్బాలో ఉన్న మంచి డీజిలు మరో గ్లాసులో పోశాను. కూటాల కరపత్రం మీద రెండింటి చుక్కలూ పక్కపక్కన వేశాను. డీజిలు చుక్క జిడ్డుగా పరుచుకుని అలాగే ఉంది. ఇంజను నుంచి పట్టినది చూస్తుండగానే చాలావరకు ఆరిపోయింది. కిరసనాయిలైతే అంత తొందరగా ఆరదు. అది మొదటి సాక్షి. తర్వాత అందర్నీ దూరం జరిపి, రెండు గుడ్డపేలికలు తడిపి, పొడుగాటి కర్రతో నిప్పు చూపించాను. డీజిలు పేలిక తటపటాయించింది. రెండోది మంట తాకకముందే భగ్గుమంది.

"పెట్రోలు కలిసింది" అన్నాను. "పెట్రోలు దీనికంటే ఖరీదు, పైగా కూపను మీద గాని దొరకదు. దొంగ అయితే ఖరీదైనది ఎందుకు పోస్తాడు?"

"దొంగ కాకపోతే బండి ఆపడానికే పోశాడన్నమాట. అది ఇంకా పెద్ద నేరం" అన్నాడు జమేదారు.

విడిపిద్దామనుకున్న మనిషిని నేనే ఇంకా ఇరికించాను. దేవుణ్ని తలుచుకుని, "ఎవరు పోశారు?" అని అందర్నీ అడిగాను.

సీతారామయ్యగారు అప్పుడు కిందికి దిగారు. ఆయన ముఖంలో భయం లేదు, ఆశ్చర్యమే ఉంది. "పెట్రోలు పోస్తే బండి ఆగడమేమిటండీ? మా మిల్లు ఇంజనుకి రోజూ పొద్దున్నే అదేగా పోసేది. ఇవాళ బస్తాలు ఎక్కువేశాం. బలంగా లాగుతుందని ఖాసిం మిల్లు వెనక్కి పోయినప్పుడు డబ్బాడు నేనే పోయించాను."

 ముసలమ్మ అంది: "అయితే దొర్కిండుగా. ఇగ ఆయన్ని కట్టుండ్రి."

మిల్లు ఇంజను కిరసనాయిలుది. పెట్రోలుతో మొదలుపెట్టి, వేడెక్కాక కిరసనాయిలుకు మారుస్తారు. డీజిలు ఇంజను పద్ధతి వేరని, డీజిలు జిడ్డు లేకపోతే దాని పంపు అరిగిపోతుందని నేను చెబుతుంటే ఆయన తల అంతకంతకూ వంగింది. జమేదారు ఖాసిం చెయ్యి వదిలాడు. క్షమించమని మాత్రం ఎవరూ అనలేదు.

ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి, హుజూర్‌నగర్ నుంచి డీజిలు తెప్పించి, గొట్టాల్లో గాలి తీసేసరికి పొద్దు వాలింది. దీపాలు పెట్టే వేళకు మిర్యాలగూడ చేరాం. కూటాలకు వచ్చినవారికి ప్రార్థనా మందిరం వరండాలోనే పడక. దుప్పటి తెచ్చుకోండి. నేను నమ్మిక గురించి ప్రసంగించాను. బాగా మాట్లాడానన్నారు.

తిరుగు ప్రయాణం అదే లారీలో. డీజిలు ట్యాంకు మూతకు ఇప్పుడు తాళం ఉంది, తాళంచెవి ఖాసిం మెడలో ఉంది. సీతారామయ్యగారు కలుపుగోలుగా ఏదేదో మాట్లాడుతుంటే, అతను అవునూ కాదూ అంటున్నాడంతే. హుజూర్‌నగర్‌లో భోజనానికి ఆగినప్పుడు ట్యాంకుకు వీపు ఆనించి నిలబడే తిన్నాడు. నేను చేతులు కడుక్కోవడానికి లారీ వెనక్కి వెళితే విస్తరి పట్టుకుని నా వెంటే వచ్చాడు.

"నా మీద కూడానా ఖాసిం?" అన్నాను.

"మీరు దేవుని మనిషి అయ్యగారూ, కాదంటలేను. ఆయన గూడ చెడ్డోడు కాదు, మంచికే పోసిండు. గందుకే అందర్నీ సూసుకోవాలె."

అతనికి కనబడేటట్టు ముందువైపుకు వచ్చి చేతులు కడుక్కున్నాను.