నడిచిపోయినవాళ్ల లెక్క

మొన్న మహబూబాబాద్‌లో ఒక కాలేజీవాళ్లు విద్యార్థుల ప్రాజెక్టులు వినడానికి రమ్మంటే భూపాలపల్లి నుంచి వెళ్లాను. ఒక అబ్బాయి గోడ మీద రంగురంగుల గ్రాఫులు చూపిస్తూ గడగడా చెప్పుకుపోతున్నాడు. పక్కగదిలో ఎవరో స్టీలు గ్లాసును నీళ్ల కుండ మూత మీద బోర్లించారు. ఆ టంగుమన్న చప్పుడు వినగానే నా నోటి నుంచి "అయితే?" అని వచ్చేసింది. అబ్బాయి బిత్తరపోయాడు. ఆ మాట నాది కాదు, రాజవ్వది.

జనగామలో నేను స్టాటిస్టిక్స్ చెప్పిన పీజీ కాలేజీలో రాజవ్వ మా విభాగానికి అటెండరు. కాంట్రాక్టు ఉద్యోగం. గదులు ఊడ్చి, కుండలో నీళ్లు నింపి, మా తరగతికి గ్లాసు పట్టుకొచ్చి, తలుపు దగ్గర నిలబడి వినేది. పిల్లలు తమ సర్వే ఫలితం చదవడం ముగించగానే "అయితే?" అనేది. అందులో వెటకారం ఉండేది కాదు. కథను మధ్యలో ఆపేస్తే మిగతాది అడిగినట్టు అడిగేది. నా డైరీలో ఆమె గురించిన మొదటి మాట: "అటెండరు తరగతిలో జోక్యం. మందలించాలి." మర్నాటి పేజీలో: "మందలించాను. అంతా విని 'అయితే?' అంది."

ఆమె మీద నాకు ఇంకో కోపం కూడా ఉండేది. తరచూ ఆలస్యంగా వచ్చేది. ఎన్ని నిమిషాలో ఏ రోజుకారోజు డైరీలో రాశాను. ఏడాది తిరిగాక వాటిని గ్రాఫు కాగితం మీద ఎక్కించి, ప్రిన్సిపాల్‌కు ఒక ఉత్తరం రాసి జతచేశాను. నెలాఖరున కాంట్రాక్టులు పొడిగిస్తారు. ఆ ఉత్తరం వెళ్తే ఆమె పని పోతుందని నాకు తెలుసు. తెలిసే రాశాను. సోమవారం ఇద్దామని డ్రాయర్‌లో పెట్టాను.

అదే వారం మా పిల్లలు బస్సు సర్వే చేశారు. నర్మెట్ట దారిలోని ఒక పల్లెకు పొద్దున వచ్చే బస్సులో జనం ఉండటం లేదని, దాన్ని ఎత్తేద్దామనుకుంటున్నామని డిపో మేనేజరు అన్నాడు. పెద్దవంగర దగ్గరి తండా నుంచి వచ్చిన సరోజ మా ప్రాజెక్టుకు నాయకురాలు. బస్సు కోసం సగటున పావుగంట ఎదురుచూస్తున్నారని, ప్రయాణికులు సంతృప్తిగానే ఉన్నారని చక్కగా చదివింది. నేను మురిసిపోయాను.

"అయితే?" అంది రాజవ్వ.

"అయితే ఏంది అవ్వా, బస్సు మంచిగనే వస్తున్నదని."

"ఎవలు చెప్పిండ్రు బిడ్డా?"

"బస్సెక్కేటోళ్లందర్నీ అడిగినం."

"చూసి చూసి నడిచిపోయినోళ్లను ఎవలడిగిండ్రు?"

నేను గొంతు సవరించుకుని నమూనా ఎంపిక గురించి మొదలుపెట్టాను. రాజవ్వ గ్లాసు నా ముందు పెట్టి, "జర నీళ్లు తాగుండ్రి సారు" అంది.

మర్నాడు తెల్లవారగానే ఆ పల్లెకు వెళ్లాం. బస్సు రాలేదు. జనం ఒక్కొక్కరే లేచి, వేరే బస్సులు దొరికే క్రాస్ రోడ్డు వైపు నడక మొదలుపెట్టారు. మేమూ వెంట నడిచాం, లెక్కపెడుతూ. సగం దూరంలో నా చెప్పు తెగింది. దాన్ని చేత్తో పట్టుకుని కుంటుతుంటే వెనక నుంచి రాజవ్వ సద్ది సంచితో వచ్చి నన్ను దాటేసింది. ఆమెది ఆ పల్లేనని నాకప్పుడే తెలిసింది. "జల్ది నడువుండ్రి సారు. మా కాలేజీల ఒక సారున్నడు, ఆలస్యమైతే డైరీల రాస్తడు."

క్రాస్ రోడ్డులో ఒకే బస్సెక్కి కాలేజీ చేరాం. ఆ రోజు డైరీలో ఆమె పక్కన నా పేరు కూడా వేసి, ఇద్దరికీ ఇరవై అయిదేసి నిమిషాలు రాశాను. పద్ధతి పద్ధతే.

సాయంత్రం డ్రాయర్‌లోని గ్రాఫు తీసి చూశాను. ఏడాది పాటు నేను గీసింది రాజవ్వ బద్ధకాన్ని కాదు, బస్సు ఆలస్యాన్ని. ఆమె పేరు కత్తిరించి ఆ గ్రాఫును సరోజకు ఇచ్చాను.

డిపోకు వెళ్లేముందు సరోజ ఇరవై పేజీల నివేదికను రాజవ్వకు వినిపించింది. మొదటి "అయితే?"కు పట్టికలు పోయాయి. రెండోదానికి నేను ప్రేమగా రాసిన ఉపోద్ఘాతం పోయింది. మూడోదానికి సరోజ కాగితాలు పక్కన పెట్టేసింది. "జనం లేక బస్సు ఖాళీగ పోతలేదు అవ్వా. బస్సు టైంకు రాక జనం నడుస్తున్నరు. టైంకు పంపితె ఎక్కుతరు."

రాజవ్వ ఈసారి "అయితే?" అనలేదు. గ్లాసు కుండ మీద బోర్లించి వెళ్లిపోయింది. మా విభాగంలో అంతకంటే పెద్ద మార్కు లేదు.

మేనేజరు ఆ మూడు ముక్కలూ విని, గ్రాఫు చూసి, ఒక నెల టైంకు పంపి చూద్దామన్నాడు. జనం ఎక్కారు, బస్సు రద్దు కాకుండా నిలిచింది. రాజవ్వ నాకంటే ముందే రావడం మొదలుపెట్టింది. నేను రెండు నిమిషాలు ఆలస్యమైతే గోడ గడియారం వైపు చూసి, "రాసుకోమంటరా సారు?" అనేది.

ఇవ్వని ఆ ఉత్తరం ఆనాటి డైరీలో మడతపెట్టి ఉంది. డైరీలో ఉన్నదేదీ నేను చింపను, కొట్టివేయను. కింద ఒక వాక్యం మాత్రం చేర్చాను: "లెక్క తప్పలేదు. అడగాల్సిన మనిషిని అడగలేదు."

మహబూబాబాద్ అబ్బాయి తన గ్రాఫుల వైపు తిరిగి చూసి, "అయితే ఏందో నాకు గూడ తెల్వది సార్" అన్నాడు.

"మంచిది. ఎవరిని అడగలేదో ముందు అది రాసుకో" అన్నాను. పక్కగదిలోకి వెళ్లి, నీళ్లు తాగి, గ్లాసు చప్పుడు కాకుండా పక్కన పెట్టాను. బోర్లించే అర్హత నాకింకా రాలేదు.