లాకుల దాకా ఒక టిక్కెట్టు

జనాభా లెక్కల పాత పుస్తకం నా బల్ల మీద తెరిచి ఉంది. పేజీ తిప్పినప్పుడల్లా తడిసి ఆరిన గోనెసంచి వాసన వస్తోంది. డెబ్బైల నాటి మా ఊరికి అందులో దక్కింది ఒకే వరుస: ఎంతమంది జనం, ఎన్ని ఇళ్ళు, చివర్న బస్సు సౌకర్యం లేదన్న మాట. మా పెద్దలు చెప్పుకునేంత జనం ఆ వరుసలో లేరు. ఈ విషయంలో నేను పుస్తకాన్నే నమ్ముతాను, ఎందుకంటే మావాళ్ళు విజయవాడలో స్థిరపడినవాళ్ళనీ, అత్తవారిళ్ళకు వెళ్ళిన ఆడపిల్లలనీ కూడా కలుపుకొని లెక్క చెప్పేవారు. బస్సు సంగతి మాత్రం పుస్తకం పూర్తిగా చెప్పలేదు. ఒక తొలకరిలో మా ఊరికి బస్సు వచ్చింది, నెల రోజులు తిరిగింది.

అది పరీక్షించి చూడ్డానికి వేసిన బస్సు. పొద్దున కాలువగట్టు మీదుగా చల్లపల్లి వెళ్ళి, సాయంత్రం తిరిగొచ్చేది. జనం ఎక్కితే ఉంచుతామని, లేకపోతే తీసేస్తామని డిపోవారు ముందే చెప్పారు. మా ఇంట్లో దాని మీద ఆధారపడింది సుగుణక్క చదువు. అక్కకు చల్లపల్లి కాలేజీలో సీటొచ్చింది. బడిపంతులైన నాన్న, "బస్సుంటే చదువు, లేకపోతే లేదు. ఆరు మైళ్ళ గట్టున ఆడపిల్లని నడిపించలేను," అని తేల్చేశారు.

మాది కాలువ చివరి ఊరు. నీళ్ళు చాలని ఏడాది, ఏ చేను ఏ రోజు తడవాలో వంతులు వేసుకోవడం అందరికీ అలవాటు. ఆ వంతులు వేసే వెంకయ్యగారే బస్సుకీ వేశారు: పనున్నా లేకపోయినా, రోజుకి ఇన్ని గడపలు, గడపకో మనిషి. మంచినీళ్ళ దగ్గర పాటించే కులం తేడాలు ఆ జాబితాలో మా క్రైస్తవుల పేటకు వర్తించకపోవడం ఇప్పుడు ఆలోచిస్తే వింతే. కొత్తనీటితో ఎర్రబారిన కాలువ పక్కన, నారుమళ్ళ పచ్చి వాసనలో, వంతు వచ్చినవాళ్ళు చద్దన్నంలో మాగాయ నంజుకుని, గంజిపెట్టిన చీరలు కట్టుకుని, కొంగున నేరేడుపళ్ళు మూటగట్టుకుని, పెళ్ళికి బయల్దేరినట్టు నిలబడేవారు. బస్సుకి జనం వేలాడేవారని ఇప్పటికీ అంటారు. మా మామ్మతో ఎక్కిన మూడుసార్లూ నాకు కిటికీ పక్క సీటే దొరికింది కనుక అది అతిశయోక్తి.

అయితే ఎక్కినవాళ్ళంతా మొదటి స్టాపులో, కాలువ నీళ్ళు ఆపి వదిలే లాకుల దగ్గరే దిగిపోయేవారు. టిక్కెట్టు తక్కువ, గట్టున వెనక్కి నడిస్తే పనివేళకి ఇల్లు చేరొచ్చు.

"ఏం మామ్మగారూ, సీటైనా వేడెక్కలేదు, అప్పుడే దిగుతున్నారా?" అని కండక్టరు నవ్వేవాడు.

"మా వంతు అయిపోయిందిగా నాయనా! మిగతా దారి మా మనవరాలు చూసుకుంటుందిలే," అనేది మామ్మ.

లాకులు దాటాక అక్క కాక ఇద్దరు ముగ్గురు మిగిలేవారట.

నెల తిరిగేసరికి బస్సు ఆగిపోయింది. నాన్నా, వెంకయ్యగారూ డిపోకి వెళ్ళారు. అక్కడి అధికారి మర్యాదగానే చెప్పాడట: "మాస్టారూ, మీరు తలలు లెక్కపెట్టారు, మేం దూరం లెక్కపెడతామండీ. ఊరంతా లాకుల దగ్గర దిగిపోతే, ఆపైన బస్సు ఎవరికోసం నడపమంటారు?" ఆ మాటలో నాన్నకు తప్పు దొరకలేదు; నాకు ఇప్పటికీ దొరకలేదు.

అక్క పుస్తకాలు అటకెక్కించింది. మూడోనాడు మామ్మ బియ్యం, పచ్చడి జాడీ, కిరసనాయిలు స్టవ్వూ ఎడ్లబండి మీద పెట్టించింది.

"ఈ వయసులో ఎక్కడికమ్మా?" అన్నారు నాన్న.

"బస్సు రాకపోతే పిల్లే అక్కడుంటుంది. వండిపెట్టడానికి నేనుంటా. నువ్వు నీ బడి చూసుకోరా."

చల్లపల్లిలో గది తీసుకున్నారు. కొన్నాళ్ళకు నేనూ ఆ గదికే వెళ్ళాను. వెంకయ్యగారి మనవలు పక్క గదికి వచ్చారు. మామ్మ మళ్ళీ ఊళ్ళో కాపురం ఉండలేదు.

బస్సు లేకే ఊరు ఖాళీ అయిందని మావాళ్ళు అంటారు. బస్సున్న ఊళ్ళూ ఖాళీ అయ్యాయి కనుక నేను ఒప్పుకోను. ఇప్పుడు తారురోడ్డుంది, పూటకో బస్సుంది. రేపు వంతు మీదేనని గడపగడపకీ చెప్పే మనిషీ, సరేనని పని మానుకుని వచ్చే మనుషులూ లేరు. కాలేజీ లెక్చరరుగా రిటైరైన అక్కా, నేనూ మొన్న ఊరెళ్ళి సాయంత్రం బస్సెక్కాం. మేమిద్దరమే. లాకుల స్టాపు రాగానే అక్క కాళ్ళు పక్కకు జరిపి, దిగేవాళ్ళకన్నట్టు దారిచ్చింది. బస్సు ఆగకుండానే సాగిపోయింది.