నీలం వైరూ, సలోమి టీచరు గారి నక్షత్రమూ

మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి మొన్న నా ఎదుటే కంప్యూటర్ వెనక ఇంటర్నెట్ వైరు పెట్టింది. టక్కుమంది. ప్లాస్టిక్ నాలుక గూట్లో పడి బిగుసుకునే చప్పుడది. ఇప్పుడు అందరూ వైర్లు లేకుండానే పని చేస్తున్నారు కాబట్టి అది విని చాలా కాలమైంది. ఆ చప్పుడు వెనకే నాకు ఒక గొంతు కూడా వినిపించింది. "విన్నావా? చూస్తే చాలదు, వినాలి కూడా." ఆ గొంతు సలోమి టీచరు గారిది. చిలకలగూడలో మేం అద్దెకున్న ఇల్లు ఆవిడదే. మిషన్ స్కూల్లో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యారు. కంప్యూటర్ జోలికి పోయిన మనిషి కాదు. నేనేమో పాతికేళ్ల నుంచి కంప్యూటర్లు బాగుచేసి బతుకుతున్నాను. అయినా నాకు ఈ పని నేర్పింది ఆవిడే అంటే జనం నవ్వుతారు. నవ్వనీ.

టీచరు గారిది గుంటూరు వైపు. సన్నగా, పొడుగ్గా, గంజి పెట్టిన నూలు చీరలో నిటారుగా ఉండేవారు. ఆవిడకి ఒక అలవాటుంది. ఎవరైనా ఏదైనా గట్టిగా చెబితే, కళ్లజోడు పైనుంచి చూసి, "తెలుసా, అనుకుంటున్నారా?" అని అడిగేవారు. ల్యాబులో పిల్లల్ని అడిగీ అడిగీ అది నోటికి అంటుకుపోయింది. మేం ఆ ఇంట్లో చేరిన కొత్తలో ఒకరోజు కుళాయి రాలేదు. మాది శ్రీకాకుళం. మా అమ్మకి ఈ ఊరి మున్సిపాలిటీ మీద మొదటినుంచీ గుర్రే. "నీళ్లు ఒగ్గలేదండి టీచరు గారూ, ఈ ఊరోళ్లు ఇంతే" అంది. "తెలుసా అండీ, అనుకుంటున్నారా?" అన్నారు ఆవిడ. వెళ్లి చూస్తే ట్యాంకు కడిగినప్పుడు మేమే కట్టేసిన వాల్వు ఇంకా అలాగే ఉంది. "ఆవిడతో మాటాడాలంటే కోర్టు బోనెక్కినట్టుంటాది" అని అమ్మ వారం రోజులు సణిగింది. ఆ తర్వాత మా అమ్మే నన్ను ఆ ప్రశ్న అడగడం మొదలుపెట్టింది.

అవి ఊరంతా సాఫ్ట్‌వేర్ కోర్సుల బోర్డులతో నిండిపోయిన రోజులు. అందరూ ఒక దారిలో పోతుంటే నేను విండోస్‌కి బదులు వాడే లినక్సు నేర్చుకున్నాను. పెద్ద ముందుచూపేమీ కాదు, కంప్యూటర్ పత్రికతో పాటు సీడీ ఊరికే వచ్చేది. విడి భాగాలు కొని బిగించుకున్న నా మిషన్ మీద అదే నడిచేది. ఉద్యోగం మాత్రం రాలేదు. ఈలోగా నాన్నగారికి విశాఖపట్నం బదిలీ అయింది. జనవరిలో ఇల్లు ఖాళీ చేయాలి. "అప్పటికి ఉద్యోగం వస్తే టీచరు గారింట్లోనే కింద గదిలో ఉండు. రాకపోతే మాతో వచ్చి బ్యాంకు పరీక్షలకి చదువుకో" అన్నారు. న్యాయమైన మాటే. అందుకే సరేనన్నాను. డిసెంబరులో ఒక చిన్న కంపెనీ వాళ్లు ఫోన్ చేశారు. ఎల్లుండి ఉదయం చెడిపోయిన సర్వరు ఒకటి అప్పగిస్తాం, ఇంటి నుంచే, నెట్ ద్వారా, మీ లినక్సు మిషన్‌లోంచే బాగుచెయ్యండి, చేస్తే ఉద్యోగం, అన్నారు. నాకు ఆ ఊళ్లో ఉండిపోవడానికి మిగిలిన అవకాశం అదొక్కటే.

ఆ పరీక్ష ముందురోజు పొద్దున లేచి చూస్తే ఇంటర్నెట్ లేదు.

అంతకు ముందురోజే నేను లినక్సు కొత్త వెర్షన్ ఎక్కించాను. ఇంకేముంది, తప్పు దానిదే అని తీర్మానించుకున్నాను. ఒక సెట్టింగు మార్చాను, రాలేదు. ఇంకొకటి మార్చాను. మూడోది మార్చేసరికి మొదట ఏముండేదో మర్చిపోయాను. వీధికంతా నెట్ ఇచ్చే యాదగిరికి కబురు పెట్టాను. అతను వచ్చి తెర వంక అనుమానంగా చూశాడు.

"ఇదేందక్కా, అంతా నల్లగున్నది? విండోస్ లేదా?"

"లినక్సు."

"గది మాకు తెల్వదక్కా. విండోస్ ఏస్కో, ఐదు నిమిషాల్ల షురూ అయితది. పక్కింట్ల మంచిగనే నడుస్తున్నది. ఊకె పరేషాన్ గాకు" అని మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు.

ఇక మొత్తం చెరిపేసి మొదటినుంచి ఎక్కిద్దామని సీడీ బయటికి తీశాను. నా ఏడుపు చూడలేక అమ్మ కిందికెళ్లి చెప్పినట్టుంది, టీచరు గారు మెట్లెక్కి వచ్చారు.

"ఏం చేస్తున్నావు సత్యా?"

"నిన్న నేను మార్చిందే నెట్‌ని చెడగొట్టింది టీచర్. అంతా చెరిపేస్తున్నాను."

"తెలుసా, అనుకుంటున్నావా?"

నిజం చెప్పాలంటే ఆ క్షణంలో ఒళ్లు మండింది. నా బతుకు తెల్లారిపోతుంటే ఈవిడకి పాఠాలా అనుకున్నాను. అయినా, "అనుకుంటున్నాను" అన్నాను.

"అయితే ఆ సీడీ పక్కన పెట్టు. నీకు తెలిసింది మాత్రమే చెప్పు. నాకు కంప్యూటర్ రాదు, నాకర్థమయ్యేలా చెప్పు." కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "నిన్న నువ్వు మార్చాక నెట్ పనిచేసిందా?"

ఆలోచించాను. చేసింది. సాయంత్రం దాకా పాఠాలు చదువుకున్నాను. ఆ సంగతి నాకు పొద్దుట్నుంచి గుర్తే రాలేదు.

"సరే. వైరు వచ్చి తగిలే భాగం ఒకటుంటుంది కదా, దాన్ని నీ లినక్సు గుర్తుపడుతోందా?"

టైపు చేసి చూశాను. ల్యాన్ కార్డు పేరు తెర మీద కనిపించింది. "పడుతోంది టీచర్."

"మరి వైరు సంగతి ఆ కార్డుకెలా తెలుస్తుంది?"

"వెనక పచ్చ లైటుంటుంది. అవతల్నుంచి సిగ్నల్ వస్తే వెలుగుతుంది."

"వెలుగుతోందా?"

పొద్దుట్నుంచి తెర ముందునుంచి కదలని నేను, ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. బల్ల కిందికి దూరాను. లైటు ఆరిపోయి ఉంది. వైరు తీసి మళ్లీ పెట్టమన్నారు. టక్కుమంది. "విన్నావా? చూస్తే చాలదు, వినాలి కూడా. అంటే ఇక్కడ బాగానే తగిలింది" అన్నారు. లైటు మాత్రం రాలేదు. "ఇంక నీ మిషన్ని వదిలెయ్. వైరు పట్టుకుని పోదాం పద."

ఆ నీలం వైరు మా కిటికీలోంచి డాబా మీదికి పోయి, అక్కణ్నుంచి పక్క డాబా మీదున్న యాదగిరి పెట్టెలోకి వెళ్లేది. ఆ రోజుల్లో సికింద్రాబాద్ డాబాల మీద పనిచేసే వైర్లూ, ఎప్పుడో చచ్చిపోయిన వైర్లూ కలగలిసి వేలాడుతుండేవి. పైకెళ్లి చూస్తే వెదురు కర్ర మీద టీచరు గారి క్రిస్మస్ నక్షత్రం ఊగుతోంది. ఆ వెదురు బద్దల చట్రం చనిపోయిన వాళ్లాయన కట్టింది. ఏటా ఎర్ర కాగితం అంటించి, బల్బు పెట్టి, ఎవర్నీ ముట్టుకోనివ్వకుండా ఆవిడే కట్టేవారు. ముందురోజు సాయంత్రమే కట్టారు. ఆ కర్రకి తాడు బదులు నీలం వైరు బిగించి ముడేసి ఉంది.

నేను దాని వంక చూడటం ఆవిడ గమనించారు. "అది పాత టీవీ వైరులే. ఎప్పట్నుంచో ఊరికే వేలాడుతోంది. గట్టిగా ఉందని కట్టాను. స్టార్‌కీ నీ నెట్‌కీ ఏం సంబంధం?"

ఆవిడ ఇంటి యజమానురాలు, నా తల్లి కన్నా పెద్దావిడ. అయినా అడిగేశాను.

"తెలుసా టీచర్, అనుకుంటున్నారా?"

ఆవిడకి కోపమొచ్చిందనుకున్నాను. కళ్లజోడు తీసి, చీర కొంగుతో తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు. ఆ ముడి దగ్గర వైరు పట్టుకుని, చెయ్యి తియ్యకుండా పిట్టగోడ దాకా నడిచి, వంగి కిందికి చూశారు.

"నీ కిటికీలోకే పోతోంది" అన్నారు. "అనుకున్నాను సత్యా. అనుకున్నానంతే."

సాయంత్రం చర్చి వాళ్లు పాటలు పాడటానికి వస్తారు. వాకిట్లోకి రాగానే అందరూ తలెత్తి చూసేది ఆ నక్షత్రాన్నే. అయినా ఒక్క నిమిషం ఆలోచించకుండా ముడి విప్పి, నక్షత్రాన్ని దించి నా చేతుల్లో పెట్టారు. ఆ చట్రాన్ని ఆవిడ ఇంకొకరి చేతికివ్వడం నేను చూడటం అదే మొదటిసారి. గాలికి కర్ర ఊగీ ఊగీ, ముడి దగ్గర వైరు పైతొడుగు చిట్లి, లోపలి రాగి తీగలు తెగిపోయి ఉన్నాయి.

యాదగిరి మళ్లీ వచ్చాడు. ముడి చూసి తల గోక్కున్నాడు. "అరె టీచరమ్మా, మీరు కట్టిన్రా? నేను సుత లినక్సే ఖరాబున్నదనుకున్న."

"అందరం అనుకున్నాం నాయనా" అన్నారు టీచరు గారు.

తెగిన ముక్క కోసేసి కొత్తగా కలిపాడు. పచ్చ లైటు వెలిగింది. అమ్మ దేవుడి పటం దగ్గరికి పరుగెత్తింది కూడా. తీరా చూస్తే పేజీలు తెరుచుకోవు! పొద్దున నేను ఊహల మీద చేసిన మరమ్మతులన్నీ అలాగే ఉన్నాయి కదా. టీచరు గారు పక్కన కూర్చుని, ఒక్కొక్కటీ ఎందుకు మార్చానో నా చేతే చెప్పించి, ఒక్కొక్కటీ వెనక్కి తిప్పించారు. చెడింది వైరు ఒక్కటే. దాని మీద నేను చెడగొట్టినవి దానికన్నా ఎక్కువ. చీకటి పడేలోపు బట్టలారేసే తాడుతో నక్షత్రాన్ని మళ్లీ కట్టాం. ఈసారి కర్ర నేను పట్టుకున్నాను.

మర్నాడు ఆ కంపెనీ సర్వరు నా తెర మీదికి వచ్చింది. ఏదీ ముట్టుకోకుండా, ముందు తెలిసినవేమిటో పైకి చెప్పుకున్నాను. ఉద్యోగం వచ్చింది. మా వాళ్లు విశాఖపట్నం వెళ్లారు, నేను టీచరు గారి కింద గదిలోకి మారాను. నాకు సొంత ఇల్లు ఏర్పడేదాకా అక్కడే ఉన్నాను.

చాలా ఏళ్ల తర్వాత ఆవిడ ఆసుపత్రిలో పడుకుని ఉండగా చూడటానికి వెళ్లాను. మనిషి సగమైపోయారు. ఆ ముఖం చూసి తట్టుకోలేక, "ఏం భయం లేదు టీచర్, నయమైపోతుంది" అన్నాను. కళ్లజోడు లేదు, అయినా అదే చూపు.

"తెలుసా, అనుకుంటున్నావా?"

ఆవిడకి అబద్ధం చెప్పలేను. "అనుకుంటున్నాను టీచర్" అన్నాను.

ఆవిడ నా చెయ్యి నిమిరారు. "అనుకో తల్లీ. ఇలాంటప్పుడు అనుకోవడమే కావాలి" అన్నారు.

ఆ డిసెంబరు ఆవిడ చూడలేదు. వెదురు చట్రం ఇప్పుడు కాప్రాలో మా ఇంట్లో ఉంది. ఏటా ఎర్ర కాగితం అంటించి బాల్కనీలో కడతాను. మీరు క్రిస్టియన్సా అని పక్క ఫ్లాటు వాళ్లు అడుగుతారు. కాదంటాను. కట్టే ముందు, అక్కడ వేలాడే ప్రతి వైరునీ చేత్తో పట్టుకుని అది ఎక్కడికి పోతుందో చివరిదాకా చూసుకుంటాను. కట్టాక బల్బు వేసి కిందికి దిగి, వాకిట్లో నిలబడి, ఆవిడ ఎక్కడినుంచో ఈ నక్షత్రాన్ని చూస్తున్నారని అనుకుంటాను. తెలుసా అని మాత్రం అడగకండి.