చక్ చక్ యుకులేలే

ఆ రోజుల్లో నా నోరు ముందు నడిచేది; నేను వెనక పరుగెత్తి అది ఆడిన అబద్ధాలను నిజం చేస్తుండేదాన్ని. యూనివర్సిటీలో ఎం.ఏ.లో చేరి తార్నాకలో ఒక టీచరమ్మగారి పైగదిలో అద్దెకు దిగాం, నేనూ నా రూమ్మేటూ. (ఆమెను అందరూ కరీంనగర్ అనేవారు, నన్ను కడప. అసలు పేర్లు హాజరు పట్టీకే.) టీచరమ్మది గుంటూరు వైపు, చర్చి పాటల బృందానికి పెద్ద. డిసెంబర్ వస్తే కింద హాల్లో ప్రాక్టీసు, ఆపైన ఇంటింటికీ వెళ్లి క్యారల్స్, వెళ్లిన ప్రతి ఇంట్లో కేకూ, నూనెలో వేయించిన గులాబీ పువ్వులూ. పైన మేము మాత్రం ఆ నవ్వులు వింటూ ఉప్మా తినేవాళ్లం. నాకు చాలా ఒంటరిగా ఉండేది. ఒకరోజు మెట్ల దగ్గర ఆవిడ, "మా గిటారబ్బాయి ఉద్యోగమొచ్చి బెంగళూరెళ్లిపోయాడు. మీకేమన్నా వాయించడం వచ్చా అమ్మా?" అన్నారు. "నాకు యుకులేలే వచ్చు ఆంటీ" అనేశాను. యుకులేలే అప్పటికింకా ఫోన్లో, షాపింగ్ కార్టులోనే ఉంది.

రాత్రికి రాత్రే ఆర్డర్ పెడితే నాలుగు రోజులకు వచ్చింది. కరీంనగర్ డబ్బా విప్పి, "గిదేందే, గిటార్‌కు పుట్టిన పిల్లనా?" అంది. నాలుగు తీగలు. ఫోన్లో ట్యూనర్ చూసి పచ్చ గుర్తు వచ్చేదాకా మరలు తిప్పడం, తెల్లారేసరికి కొత్త తీగలు సాగి మళ్లీ మొదటికి రావడం. ఇంట్లో వాయిస్తే గుట్టు బయటపడుతుందని పొద్దున్నే క్యాంపస్‌లో చెట్ల కింద కూర్చునేదాన్ని. రోజూ వాకింగ్‌కు వచ్చే ఒక పెద్దాయన అయిదో రోజు ఆగి, "బేటా, రోజూ ట్యూన్ చేస్తనే ఉన్నవ్, వాయించేదెప్పుడు?" అన్నాడు. నేను వాయిస్తున్నది పాటే.

పాటకు కావలసిన స్వరాల గుత్తులు, అంటే కార్డులు, మూడు. సి కార్డుకు ఒక వేలు చాలు. ఎఫ్‌కు రెండు. మూడు వేళ్లు కావలసిన జీ మాత్రం నా చేతికి లొంగలేదు. అందుకని ఒక ఉపాయం కనిపెట్టాను. ఎడమచేతి వేళ్లను తీగల మీద ఊరికే ఆనించి కుడిచేత్తో కొడితే స్వరం రాదు, చక్ చక్ మని తాళం మాత్రం వస్తుంది. పక్కన కీబోర్డు మోగుతుంటే ఎవరికి తెలుస్తుంది? ప్రాక్టీసులన్నీ అలాగే నెగ్గుకొచ్చాను. పాటల పుస్తకాల సంచీ మోసే పని పుచ్చుకుని కరీంనగర్ కూడా బృందంలో దూరింది.

క్యారల్స్ ఆదివారం మధ్యాహ్నం. రెండిళ్లు చక్ చక్ మంటూ గడిచాయి. మూడో ఇంట్లో పాట మధ్యలో కరెంటు పోయింది. కీబోర్డు చచ్చింది. టీచరమ్మ నా వైపు తిరిగి, "నువ్వందుకోమ్మా" అన్నారు. "సచ్చినం పో" అంది కరీంనగర్ నా చెవిలో. ఇక రేపటి నుంచి మళ్లీ పైగదే అనుకుని వేళ్లు ఎత్తాను. సి పలికింది. ఎఫ్ పలికింది. జీ దగ్గర వేళ్లు ముడిపడి చెయ్యి ఆగిపోయింది. మళ్లీ సి. మళ్లీ జీ, మళ్లీ ఖాళీ. రెండో చరణంలో ఆ ఇంటి మామ్మగారు సరిగ్గా ఆ ఖాళీలో చప్పట్లు కొట్టారు. మూడో చరణానికి ఇల్లంతా కొట్టింది. అది పాటలో ఉన్నదే అనుకున్నారు పాపం!

బయటికొచ్చాక టీచరమ్మ నా చేతిలో గులాబీ పువ్వు పెట్టి, "జీ రాదా?" అన్నారు.

"రాదాంటీ."

"మొదటి రోజే తెలిసిందిలే. నలభై ఏళ్లుగా పాటలు నేర్పుతున్నా, నాకు వినపడదా?"

"మరి ఎందుకు చెప్పలేదు?"

"చెబితే పైకెళ్లి కూర్చుంటావు. పద, ఇంకా ఏడిళ్లున్నాయి."

ఇప్పుడు జీ చక్కగా పలుకుతుంది, చూడకుండానే వేళ్లు వెళ్లి కూర్చుంటాయి. తప్పు లేకుండా పాటంతా వాయిస్తే మా ఆయన పేపర్లోంచి తలెత్తకుండా "బాగుంది" అంటాడు. అప్పుడు నాకు ఆ కడప పిల్ల మీద కొంచెం అసూయ కలుగుతుంది. రెండు కార్డులతో పది ఇళ్లు తిరిగొచ్చింది, గడుగ్గాయి.