కంకణం కట్టించుకోని చెయ్యి

ఫిజీ రాజధాని సూవా నుంచి ఆ అమ్మాయి లంబాసా దగ్గరి మా వునిమోలి ఊరికి వచ్చినప్పుడు వెంట ఒక కెమెరా, ఇద్దరు స్నేహితులు, సంచి నిండా కాగితాలు ఉన్నాయి. వెనక పెద్ద కంపెనీ ఏదీ లేదని, తామే డబ్బులు పోగేసుకుని తీస్తున్న సినిమా అని చెప్పింది. ఆమె పూర్వీకులూ మనవాళ్ళే, కానీ తెలుగు రాదు. అంతా ఫిజీ హిందీయే. నన్ను ఆజీ, అంటే నానమ్మా, అని పిలిచేది.

మారెమ్మ గుడి పూజ సంగతులు నాకు తెలుసని ఎవరో చెప్పారట. నేను పారాయణాల మధ్య పెరిగినదాన్ని. నిప్పుల గుండం తొక్కే పదిరోజుల పూజలో ఏ రోజు ఏం చెయ్యాలో పూజారి కూడా నన్నొకసారి అడుగుతాడు. "సినిమాలో తప్పులుండకూడదు ఆజీ, మీరు చూసిపెట్టండి" అంది. నాకు గర్వంగానే అనిపించింది.

గుడి వసారాలో కమిటీ పెద్దలు కొబ్బరి చిప్పల్లో యంగోనా, అదే మత్తు వేరు పొడి కలిపిన నీళ్ళు, తాగుతూ కూర్చున్నారు.

"వదినా, హీరోయిన్ వేషమా?" అన్నాడు ఒకాయన.

"నీకు విలన్ వేషం ఇప్పిస్తాలే. ముందు ఆ చిప్ప దించు" అన్నాను.

అమ్మాయి కథ చెప్పింది. స్కూల్లో పరుగు పందేలు గెలిచే పిల్ల దేశం మొత్తం స్కూళ్ళ పోటీలకు ఎంపికవుతుంది. అప్పుడే కడుపుతో ఉన్నానని తెలుస్తుంది. బిడ్డను కనాలా వద్దా అన్నది తనే తేల్చుకోవాలనుకుంటుంది. చుట్టూ ఉన్నవాళ్ళు తలా ఒకటి తేల్చేస్తుంటారు. నేను కాగితాలు మూసి ఇచ్చేశాను. గర్భం దైవం ఇచ్చేదని నా నమ్మకం. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. ఆ మాటే చెప్పాను.

"మీ నమ్మకం మార్చుకోమనడం లేదు ఆజీ. గుడి సీను ఒక్కటి చదవండి చాలు."

చదివాను. ఆ పిల్ల కడుపు సంగతి దాచిపెట్టి, అందరితో పాటు పసుపు కంకణం కట్టించుకుని గుండం తొక్కుతుందట.

"ఇది జరగదు" అన్నాను. "కడుపుతో ఉన్నవాళ్ళు కంకణం కట్టించుకోరు. అది అమ్మవారితో అబద్ధమాడటం. మన పిల్ల ఎంత భయపడినా ఆ పని చెయ్యదు."

"మరేం చేస్తుంది?"

"చెయ్యి వెనక్కి దాచుకుంటుంది."

ఆ అమ్మాయి పెన్ను పట్టుకుని నావైపే చూసింది. "మీరు చూశారా ఆజీ?"

టీ పెడతానని లోపలికి వెళ్ళిపోయాను.

చూశాను. ఫిజీకి స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి నాలుగైదేళ్ళు. మా చెల్లెలికి పదిహేడు. చెరుకు మోసే చిన్న రైలు పట్టాల పక్కన రోజూ చెప్పుల్లేకుండా పరిగెత్తేది. నాలుగు వందల మీటర్లలో లంబాసా స్కూళ్ళలో దాన్ని దాటినవాళ్ళు లేరు. సూవా పోటీలకు ఎంపికైంది. గెలిస్తే గుండం తొక్కుతానని కాదు, వెళ్ళేముందే తొక్కుతానని మొక్కుకుంది. అంత ధీమా దానికి.

కంకణాలు కట్టే రోజు పూజారి పసుపు తాడు పట్టుకుని ఎదురుగా నిలబడితే చెయ్యి వెనక్కి పెట్టుకుంది. మా ఇంట్లో ఆడవాళ్ళు నెలనెలా ఎవరు ఎప్పుడు దూరంగా కూర్చున్నదీ గుర్తుపెట్టుకునేది నేను. పూజకు మైల తగలకూడదని నా పట్టుదల. నా చెల్లెలు మొక్కు తప్పుతోందని ఒళ్ళు మండింది.

"నీకేం అడ్డు? నువ్వు బయట కూర్చుని రెండు నెలలైంది గదే!" అన్నాను, అందరికీ వినబడేలా.

నోరు దాటాకే ఆ మాటకు అర్థం నాకు తెలిసింది. అప్పటికే మా అమ్మకు తెలిసిపోయింది. వరసలో ఉన్న ఆడవాళ్ళందరికీ తెలిసిపోయింది. డప్పులు మాత్రం మోగుతూనే ఉన్నాయి.

నెల తిరక్కుండా సముద్రం అవతల నమాకా ఊళ్ళో, భార్య పోయిన ఒకాయనకిచ్చి పెళ్ళి చేశారు. అంతా తెలిసే చేసుకున్నాడు. మంచివాడే. కూతురు పుట్టింది. పెళ్ళికి ముందు డాక్టరుతో ఒంటరిగా మాట్లాడతానని చెల్లెలు రెండుసార్లు అడిగింది, పంపలేదు. పోటీలకు వెళ్తానంది, నవ్వారు. నీకేం కావాలే అని అడిగినవాళ్ళు లేరు. నేను పక్కన కూర్చుని శ్లోకాలు వినిపించాను. ఆ తర్వాత తను మా గుడి గడప తొక్కలేదు.

టీ చల్లారిపోయింది. బయటికి వచ్చి ఆ అమ్మాయితో, "ఇది నా ఒక్కదాని సంగతి కాదు. అడిగి చెప్తాను" అన్నాను. నమాకాకు ఫోన్ చేశాను.

చెల్లెలు అంతా విన్నది. తర్వాత, "అడుగుతున్నావా, చెప్తున్నావా?" అంది.

"అడుగుతున్నానే. వద్దంటే వద్దు."

"నా కూతురికి ఎప్పుడో చెప్పాను. దాని దగ్గర దాచేదేం లేదు. దాని మీద నాకెప్పుడూ కోపం లేదక్కా. పెట్టుకోమను. కానీ నువ్వన్న మాట అలాగే ఉండాలి. సినిమాలో నువ్వు మంచిదానివైపోతే ఊరుకోను."

"అలాగే ఉంటుంది."

"ఆ మాట నువ్వే అనాలి. వేరేవాళ్ళకు ఆ గొంతు రాదు."

కమిటీవాళ్ళు ఇలాంటి కథకు గుడి ఇచ్చేది లేదన్నారు. "గుడిలో జరిగిందే గుడిలో తీస్తున్నారు. ఆ మాట అన్నది నేను. సిగ్గుపడాల్సింది ఉంటే నాది" అన్నాను. చివరికి ఒప్పుకున్నారు.

షూటింగ్ రోజు చెల్లెలు వచ్చింది. గడప బయటే కుర్చీ వేయించుకుంది. వరసలో నిలబడ్డ ముసలివాళ్ళలో ఆనాటివాళ్ళు ముగ్గురున్నారు. పరిగెత్తే పిల్లగా వేసిన అమ్మాయి చెయ్యి దాచుకుంటుంటే బయటినుంచి కేక వచ్చింది. "అంత మెల్లగా కాదమ్మా! తాడు కాలుతున్నట్టు లాక్కో!"

నా వంతు వచ్చింది. ఆ మాట అన్నాను. సినిమా తీసే అమ్మాయి మళ్ళీ అనమంది. మళ్ళీ అన్నాను. మూడోసారీ అన్నాను. ముసలివాళ్ళలో ఒకావిడ కొంగుతో ముఖం తుడుచుకుంది. చెల్లెలు కుర్చీలోంచి కదల్లేదు, నన్నే చూస్తోంది.

కెమెరా సర్దేశాక పళ్ళెంలో పసుపు తాడు ఒకటి మిగిలింది. పట్టుకుని గడప దగ్గరికి వెళ్ళాను.

"కట్టనా?" అని అడిగాను.

తాడు వైపు చూసింది, నా వైపు చూసింది. తొందరేం పడలేదు.

"వద్దక్కా."

సరేనని తాడు చుట్టి పళ్ళెంలో పెట్టేశాను. పక్కనే ఇంకో కుర్చీ వేసుకుని కూర్చున్నాను.