బాపు చెప్పని లెక్క

మా ఇంట్లో మందను లెక్కబెట్టరు. లెక్క రాక కాదు. ఇన్ని గొర్రెలున్నాయని నోటితో అంటే మందకు దిష్టి తగులుతుందని మా వాళ్ళ నమ్మకం. సాయంత్రం బాపు దొడ్డి తడిక పక్కన నిలబడి, లోపలికి పోయే ప్రతి గొర్రె ముఖమూ చూసేవాడు. ఆఖరుది పోయాక తడిక వేస్తూ "అన్నొచ్చినయి" అనేవాడు. ఏదైనా రాకపోతే ఏది రాలేదో చెప్పేవాడు. సుక్కది రాలేదు, ఎర్రచెవులది రాలేదు అని. ఎన్ని వచ్చాయో మాత్రం ఎప్పుడూ అనలేదు. అటువంటి ఇంట్లో పుట్టి నేను లెక్కల టీచరునయ్యాను. ఈ మాట ఎవరితో అన్నా నవ్వుతారు. నవ్వితే నవ్వనివ్వండి. చాలా ఏళ్ళు వాళ్ళను నవ్వించింది నేనే.

నల్గొండలో నేను పనిచేసే బడిలో తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొత్తలో చేరాను. అప్పటికే అక్కడ కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన సైన్సు సారు ఒకాయన ఉన్నారు. మెత్తటి మనిషే. ఒకరోజు స్టాఫ్‌రూంలో నేను ఎవరితోనో "గట్లెట్ల అంటరు" అంటే, ఆయన నా గొంతు పెట్టి ఆ ముక్కనే తిరిగి అన్నారు. అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. "మీ సరదాకు మా నోరే దొరికిందా సార్" అని గట్టిగా అడిగాను. నవ్విన వాళ్ళు కూడా నా వైపు తిరిగారు. ఇంకెన్నాళ్ళు మన మాటను ఎక్కిరిస్తారు, రోజులు మారాయి అన్నారు. సారు లేచి తప్పయింది మేడం అన్నారు. మళ్ళీ ఎప్పుడూ అనలేదు. ఆ సాయంత్రం బస్సులో నిలబడే ఊరికి పోయినా కాళ్ళు నొప్పి పుట్టలేదు. ఏదో గెలిచానని అనిపించింది.

ఆ తర్వాతి ఎండాకాలం మా ఊరికి గొర్రెలకు నట్టల మందు తాగించేవాళ్ళు వచ్చారు. సెలవులు కాబట్టి నేనూ దొడ్డి దగ్గరే ఉన్నాను. కాగితం పట్టుకున్న పిల్లగాడు బాపును అడిగాడు.

"తాతా, నీయి ఎన్ని గొర్లు?"

"అన్నున్నయి సారూ."

"అన్నంటే ఎన్ని?"

"ఉన్నన్ని ఉన్నయి."

"గదే, ఎన్నున్నయి అని అడుగుతున్న."

"ఒక్కటి తక్వ లేదు సారూ."

పిల్లగాడు పెన్ను చెవి మీద పెట్టుకుని నా వైపు చూశాడు. నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. బాపు మీసాల కింద నవ్వుకుంటూ, "ఒక్కొక్కదానికి మందు పోసుకుంట పో బిడ్డా. ఆఖరికి ఎన్నో నీకే ఎర్కయితది" అన్నాడు. పిల్లగాడు కూడా పకపక నవ్వి, "నువ్వు నన్ను గెల్సినవ్ తాతా" అని సీసా తెరిచాడు. ఆ రోజు అక్కడ చిన్నబోయినవాళ్ళు ఎవరూ లేరు.

బడి తెరిచాక ఇది స్టాఫ్‌రూంలో చెప్పాను. "మా బాపు" అని చెప్పలేదు. "మా ఊళ్ళో గొర్లాయన ఒకడున్నాడు" అన్నాను. ఎందుకలా అన్నానో అప్పుడు ఆలోచించలేదు. అందరూ కడుపు పట్టుకుని నవ్వారు. ఇంకోసారి చెప్పమన్నారు. కొత్త టీచరు ఎవరు వచ్చినా "మేడం, గొర్లాయన" అనేవాళ్ళు. చెప్పేకొద్దీ కొంచెం కొంచెం కలిపాను. గొర్లాయన వేళ్ళు మడిచి లెక్కబెడతాడు, చేతులు అయిపోతాయి, చెప్పులు విడిచి కాలి వేళ్ళు మొదలుపెడతాడు, అవీ చాలక గొర్రెల కాళ్ళన్నీ లెక్కబెట్టి, నాలుగుతో భాగించమని లెక్కల టీచరును బతిమాలుతాడు. నేను చెప్పులు విడిచి చూపించేదాన్ని. ఆ దగ్గర నవ్వు రెండింతలయ్యేది. ఇక మందు పోసుకుంట పో అన్న ఆఖరి మాట ఎప్పుడు రాలిపోయిందో నాకు గుర్తు లేదు. దానికి పెద్దగా నవ్వు రాలేదు కాబట్టి తీసేసి ఉంటాను.

మా వాళ్ళ గురించి నేను చెప్పుకుంటే తప్పేముంది అని నాకొక ధీమా ఉండేది. బయటివాడు అంటే ఎక్కిరింపు, ఇంటివాళ్ళం అంటే ముచ్చట. చిన్నప్పుడు ఊరికే నవ్వుతుంటే మా అవ్వ "నవ్వు నాలుగు విధాల చేటు" అని నెత్తి మీద మొట్టేది. ఆ నాలుగూ ఏమిటని అడిగితే, పెద్దయితే తెలుస్తుందిలే అనేది. సైన్సు సారు ఒక్కరే ఒకసారి, పక్కకు వచ్చి, "ఆ పెద్దాయన మీకు తెలిసినవారా మేడం?" అని అడిగారు. "తెలీదు సార్, ఊళ్ళో ఎవరో" అన్నాను. నోటికి ఎంత తేలిగ్గా వచ్చిందో ఇప్పటికీ ఆశ్చర్యమే.

మా పెద్దసారు పదవీ విరమణకు యాట కోయాలనుకున్నారు. మంచి పొట్టేలు మీ వైపే దొరుకుతుంది కదా మేడం అన్నారు. బాపుకు ఫోన్ చేశాను. ఎవరితోనైనా పంపమన్నాను. పొద్దున్నే ట్రాలీ ఆటోలో పొట్టేలుతో పాటు తనే దిగాడు. ఉతికిన ధోతి, భుజం మీద గొంగడి. వంటవాళ్ళకు పొట్టేలును అప్పగించి, "మీ పెద్దసారుకు ఒక దండం పెట్టి పోత బిడ్డా" అన్నాడు. వద్దనలేకపోయాను. పిల్లలకు వేసిన బెంచీల్లో ఆఖరుదాని మీద కూర్చున్నాడు. మా బడివాళ్ళు ఆయన్ను పొట్టేలు తెచ్చినాయన అనుకున్నారు. నేను కాదని ఎవరితోనూ అనలేదు. పని హడావిడి అని నాకు నేను చెప్పుకున్నాను.

దండలు, శాలువాలు అయ్యాక ఎవరో "మేడం, గొర్లాయన" అని అరిచారు. పెద్దసారు కూడా "చివరిసారి విని పోతానమ్మా" అన్నారు. మైకు చేతికిచ్చారు. వెనక బెంచీ మీద గొంగడి కనబడుతూనే ఉంది. అబద్ధం చెప్పను, చూశాను. గొంతు బాగాలేదు అంటే సరిపోయేది. అంతమంది నా వైపు నవ్వడానికి సిద్ధంగా చూస్తున్నారు. మొదలుపెట్టాను.

"తాతా, నీయి ఎన్ని గొర్లు?" అని, ఎప్పటిలాగే కాస్త ఆగాను.

ఆ ఆగిన చోట వెనక నుంచి బాపు లేచాడు. పంతుళ్ళ ముందు పిల్లలు నిలబడ్డట్టు చేతులు కిందికి పెట్టుకుని, "తొంబై మూడు" అన్నాడు.

డెబ్బై ఏళ్ళలో ఆ మాట ఆయన నోట రావడం అదే మొదలు. ఆ సంగతి అక్కడ తెలిసింది మా ఇద్దరికే. మిగిలినవాళ్ళు ఆయన కూడా ఆటలో కలిశాడనుకుని చప్పట్లు కొట్టారు. నేనూ నవ్వాను. అక్కడితో ఆపలేదు. మిగతాదంతా చెప్పాను. ఉన్నన్ని ఉన్నయి అన్నాను, వేళ్ళు మడిచాను, చెప్పులు విడిచాను. నోరు దాని పాటికి అది పోతూ ఉంది. నాకు సిగ్గు వేయలేదు, ఏడుపు రాలేదు. పన్ను పీకేముందు సూది వేస్తే దవడ ఎలా ఉంటుందో ఒళ్ళంతా అలా ఉంది. మైకు ఇచ్చేసి చెప్పులు తొడుక్కుంటుంటే సైన్సు సారు దగ్గరికొచ్చారు.

"మీ నాన్నగారా?"

"ఔను సార్."

"అనుకున్నాను" అన్నారు. పోయి బాపును వంటల దగ్గరికి తీసుకెళ్ళి, పక్కనే కూర్చుని తిన్నారు.

బాపును బస్సు ఎక్కించడానికి నేను పోయాను. కూర మంచిగుందన్నాడు. పెద్దసారు మంచి మనిషి అన్నాడు. దేవరకొండ బస్సు వచ్చేదాకా గొంగడి మడతలు సర్దుకుంటూ నిలబడి, ఎక్కే ముందు అన్నాడు.

"అంత మంచిగనే చెప్పినవ్ బిడ్డా. గని చెప్పులు నేనెప్పుడు ఇడిసిన? ఆఖరి మాటేమో ఇడిసిపెట్టినవ్."

కోపంగా అనలేదు. పిల్లలు తప్పు చేసిన లెక్కను నేను సరిచేసినట్టు అన్నాడు. బస్సు పోయాక కూడా చాలాసేపు అక్కడే ఉన్నాను. ఎగతాళి ఎక్కడ మొదలవుతుందని ఎవరైనా అడిగితే నేను వేలు పెట్టి చూపించగలను. ఆయన మాట తీసేసి నా చెప్పులు పెట్టిన చోట.

గొర్లాయన జోకు మళ్ళీ చెప్పలేదు. నేను మానేస్తే ఏమైంది, బాపు మొదలుపెట్టాడు. దసరా సెలవులకు ఊరికి పోయినప్పుడు చూశాను. సాయంత్రం తడిక పక్కన నిలబడి, మునుపటిలా ముఖాలు చూడడం లేదు. చేతికర్రతో ప్రతి గొర్రె వీపు తాకుతూ, ఒకటి, రెండు, మూడు అని పైకి అంటున్నాడు. దిష్టి మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. తడికకు ఈ పక్క నిలబడి నేను కూడా లెక్కబెట్టాను. ఆయనది ఎనభై ఎనిమిది, నాది ఎనభై ఎనిమిది. మొన్న అయిదింటిని అమ్మాడు, అందుకే తగ్గాయి. "సరిపోయింది" అన్నాడు. అన్నొచ్చినయి అనలేదు. ఇద్దరి లెక్కా ఒకటే వచ్చిందని, చెప్పకేం, నాకు సంతోషమే అయింది.

తెల్లారి పక్క మంద ఆయన వచ్చాడు. "మా బొల్లిది మీ దాంట్ల కలిసిందే అన్నా" అని దొడ్లోకి పోయి, మెడ మీద తెల్లమచ్చ ఉన్న గొర్రెను పట్టుకుపోయాడు. బాపు అప్పుడు ముఖాలు చూశాడు. సుక్కది లేదు. నుదుటి మీద చుక్క ఉన్న ముసలి గొర్రె అది, ఎప్పుడూ వెనకబడేది. ఇద్దరం వెతికాం. మిట్ట కింద వాగులో కుక్కలు తిని వదిలిన బొచ్చు దొరికింది. బాపు ఆ బొచ్చును కర్రతో కదిపి చూశాడు.

"లెక్క తప్పలే" అన్నాడు. "మొకం చూసుడే మరిసిన."

ఆ సాయంత్రం మంద దొడ్డికి వస్తుంటే నేను ముందే పోయి తడిక దగ్గర నిలబడ్డాను. ఆయన కర్ర ఎత్తి "ఒకటి" అన్నాడు. నేను కర్ర పట్టుకున్నాను.

"లెక్క ఎందుకు బాపూ? ఎప్పటి లెక్కనే మొకాలు చూసి తోలు."

ఆయన నా చేతిలోంచి కర్ర మెల్లగా తీసుకున్నాడు. గొర్రెలు తడిక ముందర ఒత్తుకుంటున్నాయి.

"ఎవలన్న అడిగితే చెప్పాలె గద బిడ్డా" అన్నాడు. మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు.