తిరగేసి బిగించిన బేరింగు

ఉస్తాద్‌ను నేను మాట అన్నది ఒక దీపం గురించి. స్పీడోమీటరు పక్కన, జారుతున్న కారు బొమ్మతో పసుపుపచ్చగా వెలిగే దీపం. తడి రోడ్డు మీద చక్రం జారితే బండి అదుపు తప్పకుండా పట్టుకునే ఏర్పాటు ఒకటుంటుంది, అది పని చేయడం లేదని దాని అర్థం. రెండు వేల సంవత్సరం దాటాక అలాంటి కార్లు బార్కస్ వైపు నుంచి మా శాలిబండ మెకానిక్ షెడ్డుకు ఒకటీ అరా రావడం మొదలైంది.

తొంభైల్లో నాకు పని నేర్పింది ఉస్తాదే. తర్వాత నేను సొంతంగా షెడ్డు పెట్టుకుంటే ఆయనే నా దగ్గర పనికి కుదిరాడు. అయినా నన్ను బేటా అనే పిలిచేవాడు. అరవై దాటిన మనిషి, ఫలక్‌నుమా నుంచి షేర్ ఆటోలో వచ్చి నాకంటే ముందే షట్టర్ ఎత్తేవాడు. నేనేమో బండిలో లోపం ఎక్కడుందో కోడ్‌తో చూపించే స్కానర్ అప్పుడే కొన్నాను. అది చేతిలో ఉంటే నాకు ఎక్కడలేని గీర.

ఆ కారు మొదట వచ్చింది వెనక కుడి చక్రం హోరుమంటోందని. బేరింగు నేను మార్చాను. అదే చక్రానికి బ్రేకు ప్యాడ్లు ఉస్తాద్ వేశాడు. పట్టేసిన డిస్కు ఊడిరావడానికి సుత్తితో రెండు దెబ్బలు కొట్టాడు. హోరు పోయింది. కారు యజమానిని పక్కన కూర్చోబెట్టుకుని ఓ చుట్టు తిరిగానో లేదో, దీపం వెలిగింది. స్కానర్ పెడితే, వెనక కుడి చక్రం సెన్సర్ నుంచి సమాచారం లేదని కోడ్ వచ్చింది. నడుపుతూ చూస్తే మూడు చక్రాల వేగం ఇరవై, నాలుగోదానిది సున్నా.

షెడ్డుకు తిరిగొచ్చి దిగీ దిగగానే మొదలుపెట్టాను. నా నోటికి అడ్డూ ఆపూ లేదు.

“సుత్తి పెట్టి కొడితే సెన్సర్ బతుకుతదా ఉస్తాద్? ఇది పాత జీపు అనుకున్నరా?”

“మెల్లగనే కొట్టిన బేటా, రెండే దెబ్బలు.”

“మెల్లగ అంటే మీ చేతులకు తెలుస్తదా ఇంక? మొద్దుబారినయ్ అవి.”

యజమాని అక్కడే ఉన్నాడు. ఉస్తాద్ కిరోసిన్‌తో చేతులు కడుక్కుని, పానాలు తుడిచి వరసగా పెట్టి వెళ్లిపోయాడు. మర్నాడు రాలేదు. కోపం తగ్గితే ఆయనే వస్తాడులే అనుకున్నాను.

నాలుగో రోజు కొత్త సెన్సర్ దొరికింది. బిగించాను, కోడ్ చెరిపాను, బండి తీశాను. అదే దీపం, అదే సున్నా. అప్పుడు బేరింగు ఊడదీశాను. ఆ రకం బేరింగుకు ఒక పక్కనే నల్లటి అయస్కాంతపు పట్టీ ఉంటుంది. దాన్ని బట్టే సెన్సర్ చక్రం వేగాన్ని పసిగడుతుంది. పాత బేరింగులు ఎటు తిప్పి వేసినా ఒకటే కాబట్టి, ఆ అలవాటు కొద్దీ నేను పట్టీ అవతలి వైపుకు వచ్చేలా బిగించాను. చక్రం బాగానే తిరుగుతుంది, సెన్సర్‌కు మాత్రం ఏమీ కనిపించదు. కోడ్ చోటు ఒక్కటే చెప్పింది. చేసినవాడెవడో చెప్పింది నేను.

ఇంకో బేరింగు తెచ్చి సరిగ్గా వేస్తే దీపం ఆరిపోయింది. “వైరు లూజయింది భాయ్, అంతే” అని యజమానిని పంపేశాను. ఆడలేక మద్దెల ఓడన్నవాణ్ణి, మద్దెల మంచిదేనని ఒక్కరికీ చెప్పలేదు. శుక్రవారం ఉస్తాద్ ఇంటికి వెళ్దామనుకున్నాను. ఆ శుక్రవారం పని తగిలింది. ఆలస్యమైన కొద్దీ సిగ్గు పెరిగింది, సిగ్గు పెరిగిన కొద్దీ ఇంకా ఆలస్యమైంది. ఇంత పిరికివాణ్ణని నాకే తెలియదు.

మూడేళ్లకు వెళ్లాను. ఉస్తాద్ గుమ్మం ముందు కుర్చీలో ఉన్నాడు. నన్ను చూసి సంతోషపడ్డాడు, చాయ్ తెప్పించాడు. ఇప్పుడు ఏ షెడ్డులో చేస్తున్నారని అడిగాను. ఎక్కడో ఒకచోట చేరే ఉంటాడని మూడేళ్లుగా నాకు నేను చెప్పుకుంటున్న మాట అది.

“ఏడ లేదు బేటా. మిషిన్ ఝూట్ చెప్పదు గదా. చేతులు పనికి రాకుంటయినయ్, ఇంకొకని బండి ఖరాబ్ చేసుడెందుకని పానా ముట్టలే.”

 తప్పు నాదేనని, బేరింగు సంగతంతా చెప్పేశాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. పట్టీ ఏ వైపు ఉండాలో రెండుసార్లు అడిగి తెలుసుకున్నాడు.

“గీ సంగతి నీకెప్పుడు ఎరుకైంది?”

“నాలుగో దినమే, ఉస్తాద్.”

ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

“నాలుగో దినం నేను ఇంట్లనే ఉన్న గదా బేటా.”